దయకూ దూరానికీ మధ్య: ఆంధ్ర విద్యార్థులకు కరుణ నేర్పిన తీరు (1853–1921)

ఉపోద్ఘాతం

కౌమారదశలో ఉన్న విద్యార్థులకు దయ, సహానుభూతి, సామాజిక అవగాహన నేర్పాలన్న మాట నేటి విద్యాప్రణాళికలన్నింటిలోనూ కనిపిస్తుంది. విలువల విద్య పేరిట దానికొక పీరియడు కేటాయించి, ఒక పుస్తకం సిద్ధం చేసి, చివర పరీక్ష పెట్టడం కూడా జరుగుతోంది. ఇదంతా ఈ కాలపు ఆలోచన అనుకోవడం పొరపాటు. ఎదుటివారి బాధను చదువుకునే పిల్లవాడికి ఎలా తెలియజెప్పాలన్న ప్రశ్న తెలుగునాట పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలోనే ఉపాధ్యాయుల ముందు నిలిచింది. దానికి వారిచ్చిన సమాధానాలలో కొన్ని పాఠ్యపుస్తకాలలో దొరుకుతాయి. మరికొన్నింటిని రాజమహేంద్రవరంలోని ఒక పెళ్లిపందిరిలోనూ, కాకినాడలోని వసతిగృహాలలోనూ వెదకవలసి ఉంటుంది.

ఈ కాలపు సంస్కరణోద్యమాలపై తెలుగులో విస్తృతమైన పరిశోధన జరిగింది. అయితే నాయకుల దృష్టితో జరిగినంత పరిశీలన వారి వెంట నడిచిన విద్యార్థుల దృష్టితో జరగలేదని నా అభిప్రాయం. ఎవరిపట్ల దయ చూపమని విద్యార్థికి చెబుతున్నారో ఆ మనిషి దగ్గరికి అతణ్ని ఎంతవరకు వెళ్లనిచ్చారు? ఆ మనిషి మాట వినే అవకాశం అతనికి కలిగిందా? ఈ రెండు ప్రశ్నలతో తెలిసిన ఘట్టాలనే మళ్లీ చదవడం ఈ వ్యాసం చేస్తున్న పని.

ముందుగా ఒక పరిమితిని చెప్పుకోవాలి. కౌమారమనే మాట మనకు పాతదే అయినా, బాల్యానికీ యౌవనానికీ నడుమ ప్రత్యేకమైన మానసిక దశ ఒకటి ఉందన్న ఆధునిక భావన అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ 1904లో ప్రచురించిన గ్రంథం తర్వాతనే విద్యారంగంలో స్థిరపడింది. మనం పరిశీలిస్తున్న కాలంలో "విద్యార్థి" అంటే దాదాపుగా అగ్రవర్ణ బాలుడే. అదే వయసులోని అగ్రవర్ణ బాలిక అప్పటికే భార్య. దురదృష్టవశాత్తు వితంతువు కూడా కావచ్చు. ఒకరు దయ నేర్చుకోవలసినవారు, మరొకరు దయ పొందవలసినవారు. ఇద్దరి వయసూ ఒక్కటే అన్న సంగతి ఆనాటి రచనలలో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

నీతిపుస్తకం

పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో వెలువడింది. మిత్రలాభం, మిత్రభేదం వరకే ఆయన రాశారు. మిగిలిన సంధి, విగ్రహాలను తెలుగు చేసినవారిలో కందుకూరి వీరేశలింగం ఒకరు. తరాల తరబడి తెలుగు విద్యార్థులు వచనం నేర్చుకున్నది ఆ పుస్తకంలోనే. శతకాలను కంఠస్థం చేయడం అంతకుముందునుంచే ఉంది. ఈ రెండింటిలోనూ పరోపకారానికి పెద్దపీటే ఉంది. కాని కథలోని పావురమూ ఎలుకా కాకీ నేర్పే స్నేహధర్మం వీథిచివర తలగొరిగించుకుని కూర్చున్న పిల్లకు వర్తిస్తుందా లేదా అని బడిలో ఎవరూ అడగరు. నీతి ఎప్పుడూ ఎక్కడో ఒక అడవిలో, ఏదో ఒక చెట్టుకింద జరిగేది. సూరి వచనసౌందర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. భాషాశిక్షణకు ఎంచుకున్న గ్రంథం చేత నీతిశిక్షణ కూడా చేయించాలనుకోవడంలోనే చిక్కుంది.

ప్రభుత్వానికి ఈ లోటు తెలియకపోలేదు. మతవిషయాలలో తటస్థత పాటించవలసి ఉన్నందువల్ల ప్రభుత్వ పాఠశాలల్లో నీతిని ఏ ఆధారంతో బోధించాలన్నది వారికి తెగని సమస్య. 1882 ఫిబ్రవరిలో ఏర్పాటైన హంటర్ కమిషన్, సహజమతపు మూలసూత్రాల ఆధారంగా కళాశాలల కోసం ఒక నీతి పాఠ్యపుస్తకం తయారు చేయించాలనీ, మనిషిగానూ పౌరుడిగానూ నిర్వర్తించవలసిన విధులపై ప్రిన్సిపాలుగాని, ఆచార్యులలో ఒకరుగాని ఏటా ఉపన్యాసాలివ్వాలనీ సిఫారసు చేసింది. కమిషన్ సభ్యుడు కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్ ఈ పుస్తకం ఆలోచనతో విభేదించి తన అసమ్మతిని నమోదు చేశారు. పుస్తకం ముందుకు సాగలేదు. చరిత్రలో ఒక్కొక్కప్పుడు తేదీలే వ్యాఖ్యానం చేస్తాయి. కమిషన్ ఏర్పాటుకు రెండు నెలలైనా ముందు కాదు, రాజమహేంద్రవరంలో కొందరు విద్యార్థులు ఏ పుస్తకమూ లేకుండానే ఆ పాఠం చదవవలసి వచ్చింది.

1881 డిసెంబరు 11

వీరేశలింగం 1876లో రాజమహేంద్రవరంలో తెలుగు పండితులుగా చేరారు. 1878లో సంఘసంస్కరణ సమాజం ఏర్పడింది. 1879 ఆగస్టు 3న వితంతు వివాహంపై ఆయన మొదటి ఉపన్యాసం ఇచ్చారు, అక్టోబరులో రెండవది. ఆ ఉపన్యాసాలు శాస్త్రచర్చలు. స్మృతివాక్యాల అన్వయం గురించి పండితులతో చేసిన వాదాలు. వినడానికి వచ్చిన విద్యార్థులకు వాటివల్ల కలిగినది వాదబలం. వాదబలం సానుభూతికి తోడ్పడవచ్చు. దానికి బదులుగా మాత్రం నిలవదు. ఈ సంగతి ఆ తర్వాత రెండేళ్లలో బయటపడింది.

మొదటి వివాహం 1881 డిసెంబరు 11న వీరేశలింగం ఇంట జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ, కృష్ణా జిల్లా తిరువూరు ప్రాంతం నుంచి వచ్చిన బాలవితంతువు. నాలుగు రోజుల తర్వాత రెండవ వివాహం జరిగింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. కళాశాల ప్రిన్సిపాల్ మెట్కాఫ్ విద్యార్థులకు అండగా నిలిచారు. పట్టణంలో అలజడి జరుగుతుందన్న భయంతో పోలీసు బందోబస్తు పెట్టవలసి వచ్చింది. విద్యార్థులు కూడా కాపలాగా నిలబడ్డారు. వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రావడం మానేస్తే వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వంట చేశారు. వితంతు వివాహ చరిత్ర రాసేటప్పుడు ఉపన్యాసాలకు ఇచ్చిన పుటలలో సగమైనా ఈ నీళ్ల బిందెలకు ఇచ్చి ఉంటే బాగుండేదని చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక్కడ విద్యార్థులు ఏం పణంగా పెట్టారో గ్రహించాలంటే ఆనాటి చదువుల ఏర్పాటు తెలియాలి. ఊరు విడిచి పట్టణానికి చదువుకు వచ్చిన బీద బ్రాహ్మణ బాలుడు వారాలు చేసుకునేవాడు. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట, ఇలా ఏడు ఇళ్లు కుదిరితే చదువు సాగేది. ఆ గృహస్థుల దయ మీదనే అతని భోజనం ఆధారపడి ఉంటుంది. ఆ గృహస్థుకు ఇష్టంలేని పెళ్లికి వెళ్లి కాపలా కాయడమంటే ఆ వారం పోగొట్టుకోవడానికి సిద్ధపడడమే. వారాల పిల్లవాడికి పరుల ఇంటి అరుగుమీద పిలుపుకోసం ఎదురుచూడడం అలవాటే. ఒకరి ఇంట ఒద్దికగా, అణగిమణగి బతకవలసిన వితంతువు స్థితి అతనికి కొంతైనా అర్థమై ఉంటుందని ఊహించడం అసంగతం కాదు. పొందిన దయ కూడా ఒక పాఠమే. టంగుటూరి ప్రకాశం జీవితాన్ని తీసుకుంటే, పేదరికంలో చదువు ఆగిపోయే దశలో ఆయనను చేరదీసి రాజమహేంద్రవరం తీసుకువెళ్లినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు. కులం దాటిన ఆదరణ పొందడం వేరు, దాని గురించి వినడం వేరు.

వివాహాల తర్వాతి పరిణామాలు మరింత బోధకమైనవి. శంకరాచార్య పీఠం నుంచి బహిష్కారం వచ్చింది. పెళ్లికి వచ్చినవారిలో చాలామంది ప్రాయశ్చిత్తం చేసుకుని తిరిగి కులంలో కలిశారు. సంస్కరణ చరిత్రలు ఈ వెనుకడుగును పిరికితనమని తేల్చేస్తాయి. నా దృష్టిలో అది తొందరపాటు తీర్పు. పెద్ద ఉద్యోగమో సొంత ఆస్తో ఉన్నవాడి నిలకడనూ, తండ్రి పంపే నాలుగు రూపాయలమీదా పొరుగింటి అన్నంమీదా బతికే కుర్రవాడి నిలకడనూ ఒకే తూనికరాయితో తూచలేం. బసవరాజు గవర్రాజు వంటి శిష్యులు వీరేశలింగం వెంట నిలబడ్డారన్నది నిజమే. నిలబడనివారందరికీ దయ లేదనడం మాత్రం నిజం కాకపోవచ్చు. దయను నిలబెట్టుకోవడానికి కావలసిన అన్నమూ నీడా వారికి లేవు. వీరేశలింగం ఈ సంగతిని తొందరగానే గుర్తించినట్టుంది. వివాహం చేసుకున్న దంపతులకు ఇల్లు, పోషణ, ఉపాధి చూడవలసిన భారం ఆయన మీద పడింది. జీవితకాలంలో ఆయన జరిపించినవిగా చెప్పే దాదాపు 40 వితంతు వివాహాలకూ ఈ భారం నీడలా వెన్నంటి ఉంది.

ఇంత జరిగినా ఒక దూరం తగ్గలేదు. ఆ రాత్రి కాపలా ఉన్న విద్యార్థులు గౌరమ్మ కోసం నిలబడ్డారు. గౌరమ్మతో మాట్లాడినవారు కాదు. ఆనాటి మర్యాదలో అది కుదిరేదీ కాదు. ఆమె ఏమనుకుందో చెప్పే మాట వారి జ్ఞాపకాలలో భాగం కాలేదు. వారి దయ నిజమైనది, ఖర్చుతో కూడినది. కాని అది బాధితురాలి చుట్టూ గోడగా నిలిచిన దయ.

గిరీశం, వెంకటేశం

ఈ దయ మాటల స్థాయికి జారిపోతే ఎలా ఉంటుందో గురజాడ అప్పారావు చూపించారు. 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. పెంచి తిరగరాసిన కూర్పు 1909లో వచ్చింది. గిరీశాన్ని మనం సాధారణంగా మోసగాడిగా, హాస్యపాత్రగా చూస్తాం. అతను ఒక కుర్రవాడికి గురువు అన్న సంగతి మీద దృష్టి పెడితే నాటకం మరోలా కనిపిస్తుంది. వెంకటేశం కౌమారదశలో ఉన్న విద్యార్థి. వితంతువుల దుఃఖం గురించి అతను వినే ఉపన్యాసాలన్నీ గిరీశం నోటివి. ఆ దుఃఖం మాత్రం అతని ఇంట్లోనే, అక్క బుచ్చమ్మ రూపంలో ఉంది. గురువు మాటల్లో వితంతువు ఒక చర్చావిషయం. అక్కేమో వడ్డించే మనిషి. ఆ రెండింటినీ కలిపి చూడడం వెంకటేశానికి ఎవరూ నేర్పరు. మలికూర్పులో సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. పరిష్కారం ఒక సంస్థ రూపంలో వస్తుంది. వెంకటేశం ఏం నేర్చుకున్నాడన్నది నాటకం వదిలేస్తుంది. గురజాడ దాన్ని ఊరకే వదిలేశారని నేననుకోను.

తొలికూర్పు పీఠికలో గురజాడ ఇంకొక మార్గాన్ని కూడా సూచించారు. విజయనగరం మహారాజా ఆనందగజపతి చేయించిన లెక్కలో మూడేళ్లలో నమోదైన కన్యాశుల్క వివాహాలు 1034. వాటిలో ఐదేళ్ల వయసు పెళ్లికూతుళ్లే 99 మంది. సామాజిక అవగాహన అనేదానికి జాలితోపాటు లెక్క కూడా కావాలన్న గుర్తింపు ఇందులో ఉంది. విద్యార్థులను ఇటువంటి లెక్కలకు పంపించి ఉంటే ఎలా ఉండేదో! అటువంటి ప్రయత్నం ఆ కాలపు బడులకు అందని ఆలోచన.

పవిత్రత అనే దూరం

రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862–1939) ఈ చరిత్రలో అత్యంత ప్రభావశీలి, అత్యంత చిక్కైన వ్యక్తి కూడా. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లర్ శిష్యులు. మచిలీపట్నం నోబుల్ కళాశాలలోనూ సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలోనూ పనిచేసి, 1904 నుంచి 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. అటు తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. గుడిపాటి వెంకటచలం, దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటివారు ఆయన ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వచ్చినవారే.

1890ల నుంచి ఆయన నడిపిన సాంఘిక పవిత్రతోద్యమం యువకులను ఉద్దేశించినది. సానిమేళాలకు హాజరు కాకూడదు, మద్యం ముట్టకూడదు, శీలనియమం పాటించాలి. మేజువాణీలను ఉన్నతాధికారులు ఆదరించరాదని కోరుతూ మద్రాసు సంస్కర్తలు 1893లో వైస్రాయికీ గవర్నరుకూ విజ్ఞప్తి చేసుకున్నారు, ఇద్దరూ అంగీకరించలేదు. పెళ్లిళ్లలో భోగంమేళం పెట్టించడం గౌరవచిహ్నంగా ఉన్న కాలంలో ఒక పదిహేడేళ్ల కుర్రవాడు మేళం ఉన్న పెళ్లికి రానని మేనమామతో చెప్పడం చిన్న సాహసం కాదు. ఈ ఉద్యమం యువకులకు ఆత్మనిగ్రహం నేర్పింది, మాట మీద నిలబడడం నేర్పింది.

దయను నేర్పిందా? ఇక్కడే నాకు సందేహం. ప్రతిజ్ఞ యువకుని దృష్టిని అతని పవిత్రతవైపు మళ్లించింది. ఎదుట ఉన్న స్త్రీ ఆ పవిత్రతకు ప్రమాదంగా మిగిలింది. ఆమె ఆ వృత్తిలోకి ఎలా వచ్చింది, ఆ మేళం ఆగిపోతే ఆమె ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది, ఆమె కూతురి గతి ఏమిటి అన్న ప్రశ్నలకు ప్రతిజ్ఞాపత్రంలో చోటు లేదు. వితంతువు విషయంలో విద్యార్థి దగ్గరికి వెళ్లి కూడా ఆమె మాట వినలేకపోయాడు. కళావంతుల విషయంలో దూరంగా ఉండడమే సద్గుణమైంది.

విచిత్రమేమంటే ఇదే వెంకటరత్నం నాయుడు మరొకచోట ఆ దూరాన్ని పూర్తిగా చెరిపేశారు. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు పోషణతో కాకినాడలో అనాథ శరణాలయమూ, అస్పృశ్యులుగా పిలవబడిన కులాల విద్యార్థులకు వసతిగృహమూ వెలిశాయి. వెంకటరత్నం నాయుడు వాటికి ప్రేరకులు. అనాథలైన పిల్లలను సొంత ఇంట పెంచారు. యువతులకు కళాశాలలో ప్రవేశం కల్పించారు. ఇవేవీ పాఠాలు కావు. పట్టిక వేసిన బోధనలు కావు. కాని తన గురువు ఇంట్లో ఎవరు ఎవరి పక్కన కూర్చుని తింటున్నారో కళాశాల విద్యార్థి రోజూ చూసేవాడు. చూసినది మరిచిపోవడం కష్టం. కృష్ణశాస్త్రి తర్వాతి కాలంలో కళావంతుల వివాహాలకు పూనుకోవడం గురువు చేసిన ప్రతిజ్ఞకు కొనసాగింపు అనడం కన్నా, గురువు ఇంటి భోజనపంక్తికి కొనసాగింపు అనడమే సమంజసంగా తోస్తుంది. రాజమహేంద్రవరంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం 1909లో దళిత బాలల కోసం పాఠశాల ప్రారంభించిన కాలం కూడా ఇదే.

అయితే ఈ సంస్థలన్నింటికీ మూలం ఒక రాజుగారి ఖజానా, ఒక గురువు వ్యక్తిత్వం. గురువు 1919లో కళాశాల వదిలారు. ఆ తర్వాత రెండేళ్లకే సహాయనిరాకరణోద్యమం విద్యార్థులను తరగతి గదుల నుంచి వీథిలోకి పిలిచింది.

1921 ఏప్రిల్, కాకినాడ

ఆ పిలుపు విన్నవారిలో పన్నెండేళ్లు నిండని బాలిక ఒకరున్నారు. 1909లో రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఆంగ్లమాధ్యమానికి నిరసనగా బడి మానేసి, కాకినాడలో తానే బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. గాంధీ 1921 ఏప్రిల్ 2న కాకినాడ వస్తున్నారని తెలిసినప్పుడు ఆమెకు తట్టిన ఆలోచన పెద్దలకెవరికీ తట్టనిది. దేవదాసీలు, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయనను చూడాలి, ఆయన మాట వినాలి. బహిరంగసభకు వారు రాలేరు, రానివ్వరు. కాబట్టి వారికి వేరే సభ కావాలి.

స్థానిక నిర్వాహకులు ఐదువేల రూపాయలు సమకూర్చితే గాంధీ సమయంలో ఐదు నిమిషాలు ఇస్తామన్నారని ఆమె తన స్మృతిగ్రంథంలో చెప్పారు. పిల్లను వదిలించుకునే షరతు అది. దుర్గాబాయి దేవదాసీల దగ్గరికే వెళ్లి సంగతి చెప్పారు. ఆ డబ్బు వారి పూనికతోనే వచ్చింది. అప్పటికి మూడు దశాబ్దాలుగా కాకినాడ, మచిలీపట్నం, మద్రాసు యువకులు ఏ గడపలు తొక్కమని ప్రమాణం చేస్తున్నారో ఆ గడపలకే ఈ బాలిక వెళ్లింది. చందా అడగడానికి కూడా కాదు, మీకు ఆయనను చూడాలని ఉందా అని అడగడానికి.

ఆమె ఉద్దేశంలోనూ సంస్కరణ ఉంది. దేవదాసీ ఆచారమూ పరదా పోవాలనే ఆమె కోరిక. గాంధీ మాట విని వారు మారతారనే ఆశ. ఆ మేరకు ఆమె కూడా తన కాలపు బిడ్డే. ఆడపిల్ల కావడం వల్ల ఆ ఇళ్లలోకి వెళ్లగలిగిందన్న మాట కూడా ఒప్పుకోవాలి. అదే పని ఒక కళాశాల విద్యార్థి చేస్తే ఊరు మరోలా అర్థం చేసుకునేది. ఇన్ని మినహాయింపుల తర్వాత కూడా ఒక తేడా మిగులుతుంది. వీరేశలింగం శిష్యులు గౌరమ్మ కోసం చేసినదానిలో గౌరమ్మ పాత్ర లేదు. కాకినాడ సభలో డబ్బు పోగుచేసినవారూ, హాజరైనవారూ, చివరికి ఒంటిమీది నగలు తీసి ఇచ్చినవారూ ఆ స్త్రీలే. ఐదు నిమిషాల సభ అరగంటకు పైగా సాగింది. గాంధీ హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించింది దుర్గాబాయి. ఆ అనువాదం విన్న గాంధీ, తర్వాతి బహిరంగసభలో కూడా పెద్దలను కాదని ఆమెచేతనే అనువాదం చేయించారు.